మూల బుగ్గ

జిల్లా కొలపాత్రల ముద్రణ కార్యాలయంలో ఒక నమ్మకం ఉంది. కొలవడానికి వీలుకానిదేదీ ఈ లోకంలో లేనట్టే లెక్క. బట్టలకొట్టు మీటరు కర్రకీ, పాలవాళ్ళ లీటరు గ్లాసుకీ, చేపలబజారు త్రాసుకీ ముద్ర వేసి "ఇది నిజం" అని చెప్పేది వాళ్ళే. ఆ మాత్రం పొగరు ఉండదా మరి!

ఆ ఆఫీసుకి అధిపతి శ్రీ గుండవరపు భద్రాద్రిరావుగారు. ఆయన్ని వర్ణించాలంటే ఎడమబుగ్గ నుంచి మొదలుపెట్టాలి. ఎందుకంటే పొద్దున్న కాఫీ దగ్గర్నుంచి రాత్రి పడకదాకా అందులో ఒక కిళ్ళీ కాపురం ఉంటుంది. అది లేకుండా ఆయన ముఖం ఎలా ఉంటుందో ఆఫీసులో ఎవరికీ తెలీదు. పెళ్ళిఫోటోలో కూడా ఆ బుగ్గ అలాగే ఉందని ఒక వదంతి.

అలాంటి ప్రశాంతమైన ఆఫీసులో రాంపండు అనే జూనియర్ అసిస్టెంటు ఒక ఘనకార్యం చేశాడు. జ్ఞానదంతం ఆపరేషన్ అని సెలవు పెట్టి, బావమరిది పెళ్ళికెళ్ళి, చెరుకుగడ నముల్తూ ఫోటో దిగి, దాన్ని తనే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాడు. రాంపండు భద్రాద్రిరావుగారికి వేలువిడిచిన మేనల్లుడు. కాబట్టి అతన్ని ఏమీ అనలేదు. మిగతావాళ్ళందరి మీదా ఒక సర్క్యులర్ వేశారు.

"దంత శస్త్రచికిత్స జరిగినదని చెప్పుకొను సిబ్బంది, సదరు చికిత్స తాలూకు వాపును అధికారి ఎదుట స్వయముగా హాజరుపరచవలెను. కంటికి కనిపించని బాధకు ఈ కార్యాలయము బాధ్యత వహించదు. వాపు సెంటీమీటరు ఒక్కింటికి రెండు దినముల సెలవు మంజూరు చేయబడును."

సర్క్యులర్ చదివి అందరూ నవ్వుకున్నారు. నవ్వనిది నూకరత్నం ఒక్కతే. నవ్వితే ఆవిడ దవడ లాగుతోంది.

నూకరత్నం సీనియర్ అసిస్టెంటు. ఇరవయ్యేళ్ళ పైచిలుకు సర్వీసు. ఆ నెలాఖరికి సూపరింటెండెంటు అవతారంగారు రిటైరవుతున్నారు. ఆ కుర్చీ ఆవిడది. కిటికీ పక్కన, ఫ్యాను కింద ఉండే కుర్చీ. ఆ ఆఫీసులో గాలి వచ్చే చోటు అదొక్కటే. ఇంతకాలం బీరువాల మధ్య చెమటలు కక్కుతూ ఆ కుర్చీ వంక చూసీ చూసీ ఆవిడకి దాని చెక్క మీద గీతలు కూడా కంఠతా వచ్చేశాయి. సర్వీసు రికార్డులో ఒక్క మచ్చ పడకుండా ఈ నెల గడిస్తే చాలు. సరిగ్గా అప్పుడే చివరి దవడపన్ను తిరగబడింది.

పళ్ళ డాక్టరు మెహరున్నీసా ఎక్స్‌రే చూసి పెదవి విరిచింది.

"పన్ను అడ్డంగా పడుకుందమ్మా. కాస్త ఎముక తొలిచి తీయాలి. సుగరుందా?"

"లేదండి."

"అయితే ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తాను. బుగ్గ పెద్దగా వాయదు, దవడ బిగుసుకుపోవడం తగ్గుతుంది. తొందరగా కోలుకుంటారు. అలాగని నొప్పి మాయమైపోద్దనుకోకండి. లోపలి గాయం గాయమే. నాలుగైదు రోజులు మాటలు తగ్గించి, జావ తాగి, ఇంట్లో పడుకోండి. మీ వేళ్ళు మూడు, నిలువుగా నోట్లో పట్టిన రోజున బాగైపోయినట్టు."

పన్ను తీశారు. మర్నాడు నూకరత్నం అద్దంలో చూసుకుంటే బుగ్గ చక్కగా, ఎప్పట్లాగే ఉంది. లోపల మాత్రం ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుంది. నోట్లో చిటికెనవేలు పట్టడమే గగనం. అయినా ఆ డాక్టరు చల్లగా ఉండాలని మనసులో దణ్ణం పెట్టుకుని, సెలవుచీటీ రాసి పంపింది. గంటలో అటెండరు సింహాద్రి గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడమ్‌గారూ, వాపుని తీసుకుని రమ్మంటన్నారండి సారు."

"లేదు," అంది నూకరత్నం పంటిబిగువున.

"అదే రాసుకొమ్మన్నారండి, ఉందో లేదో. మీరే వచ్చి చెప్పుకోండమ్మా, నన్ను సంపేత్తారు."

ఏం చేస్తుంది? చీరకొంగు దవడకి అదుముకుని ఆటో ఎక్కింది. రోడ్డు మీద గొయ్యి వచ్చినప్పుడల్లా ఆవిడకి మునిసిపాలిటీ పెద్దలందరూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు.

భద్రాద్రిరావుగారు ఆవిడ ముఖాన్ని అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి చూశారు. పక్కన అవతారంగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఈ అవతారంగారికి రిటైర్మెంటు దగ్గరపడ్డాక భూమ్మీద ఉన్న ప్రతి కాగితమూ తన పెన్షన్ని మింగడానికే పుట్టిందని భయం.

"మీ ముఖమండలము యథాస్థితిలో ఉన్నది," అన్నారు ఆఫీసరుగారు కిళ్ళీని ఒక పక్కకి సర్దుకుని.

"ఇంజెక్షన్ ఇచ్చారండి. స్టెరాయిడ్. అందుకే వాయలేదు. నొప్పి మాత్రం..."

"ఆగండి." ఆయన కళ్ళు మెరిశాయి. "ఏమి ఇంజెక్షన్ అన్నారూ?"

"స్టెరాయిడండి."

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. భద్రాద్రిరావుగారు పేపర్లో చదివేది ఆటల పేజీ ఒక్కటే. ఆ మాట అక్కడే చదివారు.

"పరుగుపందెములో ఈ పదార్థము వాడినవారిని ఏమి చేయుదురో తెలియునా? పోటీ నుంచి తొలగింతురు. పతకములు వెనుకకు తీసుకొందురు. మీరు ప్రస్తుతము పదోన్నతి పోటీలో ఉన్నారు."

"ఆవిడొక్కర్తే కదండీ పోటీలో..." అన్నారు అవతారంగారు నెమ్మదిగా.

"పోటీ పోటీయే! అంతేకాదు. వాపు అనునది మీ శస్త్రచికిత్సకు ఏకైక సాక్ష్యము. ఆ సాక్ష్యమును మీరు మందు వేయించి మరీ నిర్మూలించినారు. సాక్ష్యములను రూపుమాపుట ఎంతటి నేరమో అవతారంగారూ, మీరు చెప్పండి."

"చాలా నేరమండి," అన్నారు అవతారంగారు, పెన్షన్ని తలుచుకుని.

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. నాలుగు దులుపుదామంటే నోరు తెరుచుకోదాయె! చిటికెనవేలంత సందులోంచి ఎంత కోపం బయటికొస్తుంది? కొంగు నోటికి అడ్డం పెట్టుకుని డాక్టరుకి ఫోను కలిపి, స్పీకరు ఆన్ చేసి బల్ల మీద పెట్టింది.

"ఆటగాళ్ళు కండలు పెంచుకోడానికి వాడే స్టెరాయిడ్ వేరండీ," అంది డాక్టరు. "ఇది వాపు తగ్గించేది. ఒక్క ఇంజెక్షన్‌తో ఆవిడేమీ పరుగుపందెం గెలవదు. పాపం, ఆవిడ్ని ఇంటికి పంపండి."

"డాక్టరుగారూ, సూటిగా జవాబు చెప్పండి. ఆ మందు ఇవ్వనిచో ఎన్ని సెంటీమీటర్లు వాచెడిది?"

"నేను పళ్ళ డాక్టర్నండీ, సోదె చెప్పను."

"అనగా ఇది ఊహాజనిత వాపు." భద్రాద్రిరావుగారు తృప్తిగా వెనక్కి వాలారు. "ఊహాజనిత వాపునకు ఊహాజనిత సెలవు మంజూరు చేయవచ్చును. నూకరత్నంగారూ, మీరు సెలవులో ఉన్నట్లు ఊహించుకొనుచు, మీ బల్ల వద్ద విధులు నిర్వర్తించండి. సాక్ష్యముల నిర్మూలనపై విచారణ ముగియువరకు పదోన్నతి పెండింగులో ఉండును."

డాక్టరు ఫోను పెట్టేసింది. నూకరత్నం బీరువాల మధ్యకి వెళ్ళి కూర్చుని ఏడ్చింది. ఏడుపుకి కూడా దవడ కావాలని ఆవిడకి ఆ రోజే తెలిసింది. ఆవిడ తర్వాత సీనియారిటీ ఎవరిదో చెప్పనే లేదు కదూ? చెరుకుగడ రాంపండుది.

ఆ రాత్రి భద్రాద్రిరావుగారికి ఒక సందేహం కలిగిందట. కొలతల మనిషి కదా, తప్పు దొరికితే నిద్ర పట్టదు. వాచిన బుగ్గని కొలుస్తున్నాం సరే, వాయకముందు ఎంత ఉండేదో తెలియకుండా తేడా ఎలా తీస్తాం? మర్నాటికి రెండో సర్క్యులర్ తయారైంది. జీతంలో మూల వేతనం ఉన్నట్టే ప్రతి ఉద్యోగికీ ఒక "మూల బుగ్గ" ఉంటుంది. దాన్ని ఆరోగ్యంగా ఉన్నప్పుడే కొలిచి, రిజిస్టర్లో ఎక్కించి, ముద్ర వేయాలి. ఒకసారి ముద్ర పడిన మూల బుగ్గని ఏ కారణం చేతనైనా సవరించరాదు.

కొలవడానికి గేటు ముందు మిషను పెట్టుకున్న దర్జీ మస్తాన్‌ని పిలిచారు. అతని టేపుని ముందు ఇనప స్కేలుతో సరిచూసి, సీలు వేసి, అప్పుడు చేతికిచ్చారు. నోరు పెగలదు కాబట్టి రాసే పని నూకరత్నానికి పడింది. ఊహాజనిత సెలవులో ఉన్నావిడ ఊహాజనితంగా కలం పట్టుకుంది.

"చెవి దగ్గర్నుంచి పెదవి చివర దాకా, బుగ్గ మీదుగా కొలవవలెను," అన్నారు ఆఫీసరుగారు. "ఆదర్శముగా ఉండుటకు మొదట నా బుగ్గనే కొలువుము."

మస్తాన్ టేపు పెట్టి, ఆగి, "లూజు ఎంత వదలమంటారండి?" అన్నాడు.

"బుగ్గకి లూజేమిటయ్యా!"

"అలవాటండి. పిల్లల సొక్కాలకైతే ఎదిగే వయసని రెండు వేళ్ళు వదుల్తామండి." మళ్ళీ టేపు పెట్టి గొణిగాడు. "సార్, తవరేం అనుకోకపోతే... ఆ కిళ్ళీ ఉమ్మేసొత్తే బాగుంటదండి. బుగ్గ ఎత్తుగా వత్తంది."

భద్రాద్రిరావుగారికి కోపం వచ్చింది. "మూల బుగ్గ అనగా నేమి? ఉద్యోగి విధి నిర్వహణలో సాధారణముగా ఉండు బుగ్గ. నేను సాధారణముగా ఇట్లే ఉందును. వ్రాయండి!"

"పదమూడండి," అన్నాడు మస్తాన్. నూకరత్నం పదమూడని రాసింది. ముద్ర పడింది.

ఇక చూడాలి ఆ ఆఫీసు సంబరం! మూల బుగ్గలు ఖరారయ్యాక సిబ్బందికి లెక్క అర్థమైంది. ఎంత వాస్తే అంత సెలవు. ఏళ్ళ తరబడి నోట్లో గుట్టుగా పడి ఉన్న జ్ఞానదంతాలన్నీ ఒక్కసారిగా బయటికి వస్తామన్నాయి. డాక్టర్ మెహరున్నీసా ఆస్పత్రి ముందు కొలపాత్రలవాళ్ళ బళ్ళు బారులు తీరాయి. వచ్చినవాడల్లా ఒకటే మాట. "ఇంజెక్షనొద్దండి. వీలైతే కాస్త మొరటుగా తియ్యండి."

"ఆ ఇంజెక్షన్ మీ మంచికే కదయ్యా! బుగ్గలు పెంచడానికా నేను ఇక్కడ కూర్చుంది?" అని డాక్టరు గొంతు చించుకుంది. ఒక్కడు వింటే ఒట్టు.

క్యాషియరుకి పిల్లాడి దగ్గర్నుంచి గవదబిళ్ళలు అంటుకున్నాయి. రెండు బుగ్గలూ వాచేసరికి రెట్టింపు సెలవు దొరికింది. సర్క్యులర్లో దంతం అని ఉంది కదా అంటే, "గవద దంతమునకు ఇరుగుపొరుగే," అని ఆఫీసరుగారు తీర్పు చెప్పారు. రాంపండుకి తీయడానికి జ్ఞానదంతమే లేదు. అతను పెరట్లో కందిరీగల తుట్టె దగ్గరికెళ్ళి బుగ్గ చూపించాడు. మూడు సెంటీమీటర్లు! "వాపును దాచక, తగ్గింపక, నిజాయితీగా సమర్పించినందుకు" అతనికి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. ఇవన్నీ రిజిస్టర్లో రాస్తూ నూకరత్నం జావ తాగుతూ కూర్చుంది. సగం ఆఫీసు సెలవులో ఉంది. నిజంగా నొప్పి పడ్డ మనిషి మాత్రం బల్ల దగ్గరుంది.

నెలాఖరు దగ్గరపడింది. విచారణకి తేదీ వేశారు, అదీ అవతారంగారి రిటైర్మెంటు మర్నాటికి. అంటే కుర్చీ రాంపండుకి పోయిందన్నమాటే. ఆవిడ ఆ తేదీని కూడా తన చేత్తోనే రిజిస్టర్లో ఎక్కించింది.

అంతలో, ఎన్నాళ్ళుగానో కిళ్ళీల కింద నానిన భద్రాద్రిరావుగారి ఎడమ జ్ఞానదంతం ఆయన పని పట్టడం మొదలెట్టింది. ఆయన డాక్టరు దగ్గరికి పరుగెత్తారు.

"సుగరు లేదు కాబట్టి ఇంజెక్షన్ ఇస్తానండీ," అంది మెహరున్నీసా. "చాలా హాయిగా ఉంటుంది."

"వలదు! చట్టము చేసినవాడే సాక్ష్యమును చెరుపరాదు. నాకు వాపు వలయును."

ఆయన మనసులో లెక్క వేసుకున్నారు. రాంపండుకే మూడొస్తే తనకి నాలుగైనా రావా! ఎనిమిది రోజులు కాలు మీద కాలేసుకుని పడుకోవచ్చు. "మీ ఇష్టం," అంది డాక్టరు. ఆవిడకి వాదించే ఓపిక ఎప్పుడో పోయింది.

రెండోనాడు ఆయన్ని కారులోంచి దింపి నడిపించుకొచ్చారు. తలచుట్టూ తువ్వాలు, చేతిలో ఐసుగడ్డల సంచీ. బుగ్గ జాంకాయంత ఉబ్బింది. కళ్ళలో నీళ్ళు ధారగా కారుతున్నాయి. నోరు అసలు తెరుచుకోవడం లేదు, కిళ్ళీ పెట్టుకోవడానికైనా. సర్క్యులర్ ప్రకారం ఆఫీసరు సెలవుకైనా వాపు హాజరుపరచాల్సిందే. కొలతని సూపరింటెండెంటు ధ్రువీకరించి, సీలు వేసి, హెడ్డాఫీసుకి పంపాల్సిందే. మస్తాన్ భయం భయంగా టేపు పెట్టాడు. పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"పదమూడండి."

నూకరత్నం రిజిస్టరు తిరగేసింది. "మూల బుగ్గ పదమూడు. ఇప్పుడు పదమూడు. తేడా సున్నా."

భద్రాద్రిరావుగారు వేలితో బుగ్గ చూపించి, అవతారంగారి వైపు తిరిగి "ఊఁ! ఊఁ!" అన్నారు.

"కనిపిస్తందండి, ఎందుకు కనిపించదూ," అన్నారు అవతారంగారు. "కానీ ముద్ర పడిన మూల బుగ్గని సవరించకూడదని తవరే రాశారు కదండీ. ఎల్లుండి నా రిటైర్మెంటు. తప్పుడు కొలత మీద సంతకం పెట్టానంటే పెన్షను ఆపేత్తారండి. నా వల్ల కాదు బాబోయ్! నా తర్వాత సీనియరు నూకరత్నంగారే, ఆవిణ్ణి అడగండి." అని కలం ఆవిడ ముందు పెట్టి గుమ్మం దాకా వెనక్కి నడిచారు.

నూకరత్నం ఆయన ముఖంలోకి చూసింది. ఆవిడకి జాలి వేసిందా? వేసింది. ఆ మేకు పోటు ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. సంతోషం వేసిందా? అబద్ధమెందుకు, అదీ వేసింది.

"నొప్పిగా ఉందాండి?"

ఆయన తలూపారు.

"చాలా?"

మళ్ళీ తలూపారు. ఐసు సంచీలోంచి నీళ్ళు బల్ల మీదికి కారాయి.

"నేను నమ్ముతున్నానండి. టేపే నమ్మట్లేదు. పోనీ, ఊహాజనిత సెలవు పెట్టమంటారా సార్?"

ఆయన తల గట్టిగా అడ్డంగా ఊపారు. ఊపిన పాపానికి ప్రాణం పోయినంత పనై బల్ల మీద వాలిపోయారు.

"అయితే ఒకటే దారండి," అని నూకరత్నం టైపు మిషను ముందు కూర్చుంది. అచ్చం ఆయన భాషలోనే కొట్టింది. "బాధ ఉన్నదని రోగి చెప్పి, డాక్టరు ధ్రువపరచినచో, బాధ ఉన్నట్లే. వాపుతో నిమిత్తము లేదు. వాపు తగ్గుటకు స్టెరాయిడ్ ఇంజెక్షను తీసుకొనుట సాక్ష్య నిర్మూలన కాదు, వైద్యము. ఈ మేరకు పాత విచారణలన్నియు రద్దు."

తేదీ దగ్గర ఆగింది. ఈ రోజు నుంచి అమలంటే ముందే జరిగిన ఆయన ఆపరేషను అందులోకి రాదు. "వెనకటి తేదీ వెయ్యాలండి," అంది. ఆయన ఏ తేదీ అయినా వేసుకొమ్మని చేతులు జోడించారు. తన పన్ను తీసిన తేదీ వేసింది. ఆయన చదవకుండా సంతకం పెట్టి ఇంటికి పోయారు.

అవతారంగారు దండతో, శాలువాతో రిటైరయ్యారు. ఆయన పంచిన పొట్లాల్లో లడ్డూ, జంతికలూ ఉన్నాయి. సాయంత్రానికి ప్రమోషన్ ఆర్డరొచ్చింది. మర్నాడు నూకరత్నం కిటికీ పక్కన, ఫ్యాను కింద, ఆ కుర్చీలో కూర్చుంది. కళ్ళు మూసుకుని కాసేపు గాలి పీల్చింది. అంత హాయి ఆవిడ జన్మలో ఎరగదు.

వారం తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి ఒక తాఖీదు వచ్చింది.

"సవరించిన సర్క్యులరు ప్రకారము శ్రీమతి నూకరత్నమునకు వెనుకటి తేదీ నుండి సెలవు మంజూరైనది. అయితే సదరు ఉద్యోగిని సెలవులో ఉండియు, ఆ దినములలో అక్రమముగా కార్యాలయమునకు హాజరై, రిజిస్టర్లు వ్రాసినట్లు రుజువైనది. ఇందుకు ఆమెపై చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను. ఈ తాఖీదును సూపరింటెండెంటు ద్వారా ఆమెకు అందజేయవలెను."

"సూపరింటెండెంటంటే మీరే కదండీ," అన్నాడు సింహాద్రి బుర్ర గోక్కుంటూ. "మీరు మీకు ఇచ్చుకోవాలాండి?"

నూకరత్నం ఆ కాగితాన్ని మళ్ళీ చదివింది. మొదట పెదవులు కదిలాయి. తర్వాత భుజాలు కదిలాయి. ఆ తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. అది మామూలు నవ్వు కాదు. నోరంతా తెరిచి, కొండనాలుక కనిపించేలా, బీరువాలు అదిరేలా నవ్వింది. మధ్యలో ఏదో గుర్తొచ్చి మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టి చూసుకుంది. మూడూ పట్టాయి.

"ఏమిటా కోలాహలము?" అన్నారు లోపల్నుంచి భద్రాద్రిరావుగారు. కిళ్ళీ తిరిగి కాపురానికి రావడంతో బుగ్గ మళ్ళీ యథాస్థితికి, అంటే పదమూడుకి వచ్చింది.

"నోరు బాగైందండి సార్!" అని కేకేసి, తాఖీదు మీద "అందజేశాను" అని ఒక సంతకం, "అందుకున్నాను" అని ఇంకో సంతకం పెట్టింది. కింద సంజాయిషీ రాసింది. "అయ్యా, ఇంటికి పోనివ్వలేదు, అందుకు వచ్చితిని." తర్వాత సొరుగులోంచి అవతారంగారి పొట్లం తీసి, దాచుకున్న జంతికని పన్ను తీసిన దవడ కిందే పెట్టి ఫట్‌మని కొరికింది.